న్యాయ సందేహాలు: 'ఆ సమయానికి నేను అక్కడ లేను' అంటే సరిపోతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. నేరం జరిగినప్పుడు నిందితుడు ఇంకెక్కడో ఉన్నాడు, ఆ సంగతి కోర్టుకు ఎలా చెప్పాలి, ఎంతవరకు నిలుస్తుంది అని అడిగారు. కోర్టుల్లో దీన్ని 'ఎలిబై' అంటారు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం 'వేరేచోట' అని. సెక్షన్ల నంబర్లు 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టాలవి: భారతీయ సాక్ష్య అధినియమ్, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. 9, 63, 106, 108, 109, 168 మొదటిదానివి, మిగతావి రెండోదానివి. ఆ తేదీకి ముందే మొదలై నడుస్తున్న విచారణలకు పాత సాక్ష్య చట్టం, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడే (సీఆర్‌పీసీ) వర్తిస్తాయి. ఈ విషయంలో నంబర్లే మారాయి, సూత్రాలు దాదాపు అవే.

ప్రశ్న: మా తమ్ముడు సూర్యాపేటలో ఒకరిని కత్తితో పొడిచాడని హత్యాయత్నం కేసు పెట్టారు. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో జరిగిందని ఫిర్యాదు. ఆ సాయంత్రం తమ్ముడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మా మరదలి కాన్పు దగ్గర ఉన్నాడు. నర్సును, రికార్డులు చూసే ఉద్యోగిని డిఫెన్స్ సాక్షులుగా పెట్టాం. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు ఇద్దరినీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, 'క్రాస్ నిల్' (ఎదురు ప్రశ్నలు లేవు) అని నమోదైంది. ఇక కేసు కొట్టేసినట్టే అంటున్నారు. నిజమేనా? — ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మీకు గట్టి పట్టు దొరికిన మాట నిజం. కానీ 'కొట్టేసినట్టే' అనుకుని ఆర్గ్యుమెంట్లు తేల్చేస్తే చేతికొచ్చింది జారిపోతుంది.

ముందు బరువుల లెక్క చూద్దాం. నేరం చేశాడని రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. అదీ సహేతుకమైన సందేహానికి చోటు లేనంతగా. ఈ బరువు కేసు మొదలైనప్పటి నుంచి తీర్పుదాకా వాళ్ల భుజం దిగదు. 'నేను వేరేచోట ఉన్నాను' అన్న ఒక్క విషయాన్ని రుజువు చేయాల్సింది మాత్రం ఆ మాట అన్న ముద్దాయి. సాక్ష్య అధినియమ్ సెక్షన్ 106 (పాత 103) ఉదాహరణలోనే ఈ మాట ఉంది: ఆ సమయానికి తాను మరోచోట ఉన్నానని కోర్టు నమ్మాలని కోరేవాడు దాన్ని రుజువు చేయాలి. చాలామంది ఈ రెంటినీ కలిపేసి, ఎలిబై ఎత్తుకోగానే మొత్తం భారం ముద్దాయి మీదికి వచ్చిపడిందనుకుంటారు. అలా జరగదు. ఆ వాదన ఎత్తుకున్నంత మాత్రాన ప్రాసిక్యూషన్ బరువు తగ్గదని సుప్రీంకోర్టు 1956లోనే గురుచరణ్ సింగ్ కేసులో చెప్పింది.

ముద్దాయి ఎంత రుజువు చేయాలన్న దగ్గర తీర్పులు పైకి రెండు రకాలుగా కనిపిస్తాయి. బినయ్ కుమార్ సింగ్ కేసు (1997) చూడండి. ముద్దాయి అక్కడ ఉండే అవకాశమే లేదని తేలేంత కచ్చితంగా ఎలిబై రుజువు కావాలని అందులో ఉంది. అదే తీర్పులో, డిఫెన్స్ సాక్ష్యం నాణ్యత చూసి ముద్దాయి అక్కడ ఉన్నాడా అన్న సహేతుకమైన సందేహం కోర్టుకు కలిగితే ఆ సందేహ ఫలం అతనికే దక్కాలనీ ఉంది. రెంటినీ కలిపి చదవాలి. ఎలిబై పూర్తిగా రుజువైతే ప్రాసిక్యూషన్ కథ అక్కడితో కూలుతుంది. పూర్తిగా రుజువు కాకపోయినా, ప్రాసిక్యూషన్ సాక్ష్యం మీద నిజమైన అనుమానం రేపగలిగితే చాలు. మీ లాయరు గారు ముందు మొదటిది వాదించి, రెండోదాన్ని ప్రత్యామ్నాయంగా విడిగా వాదించాలి.

ఇక 'క్రాస్ నిల్' సంగతి. సాక్షి చెప్పినదాన్ని అవతలి పక్షం ఒప్పుకోనప్పుడు ఆ విషయం సాక్షి బోనులో ఉండగానే మొహం మీద అడగాలి. అడగకుండా వదిలేసి ఆర్గ్యుమెంట్లలో 'ఆమె అబద్ధం చెప్పింది' అనకూడదు. ఇది 1893 నాటి ఇంగ్లండు ప్రభువుల సభ తీర్పు బ్రౌన్ వర్సెస్ డన్ నుంచి వచ్చిన సూత్రం. మన సుప్రీంకోర్టు నహర్ సింగ్ (1998), సర్వన్ సింగ్ (2003) కేసుల్లో దీన్ని అనుసరించింది. డిఫెన్స్ సాక్షులనూ ప్రాసిక్యూషన్ సాక్షులతో సమానంగానే చూడాలి, వాళ్లను అలవాటుగా అనుమానించడం కోర్టులు మానుకోవాలి అని దూధ్‌నాథ్ పాండే కేసు (1981) చెబుతోంది. కాబట్టి మీ నర్సు వాంగ్మూలాన్ని జడ్జి గారు 'ఆసక్తి ఉన్న సాక్షి' అని ఒక్క ముక్కలో పక్కన పెట్టడానికి లేదు. నమ్మకపోతే ఎందుకు నమ్మలేదో తీర్పులో రాయాలి.

అయితే ఎవరూ ప్రశ్నించని సాక్ష్యం దానంతట అదే సత్యమైపోదు. చెప్పింది నమ్మశక్యం కాకపోయినా, పత్రాలతో పొసగకపోయినా, అసలు విషయానికి సరిపోకపోయినా కోర్టు పక్కన పెట్టవచ్చు. ఎక్కువగా దెబ్బతీసేది ఈ చివరిదే. నర్సు 'ఆయన ఆ రోజు ఆసుపత్రిలో ఉన్నారు' అని చెప్పింది, ఎవరూ కాదనలేదు అనుకుందాం. కాదనకపోయినా లాభం లేదు. ఎందుకంటే కావాల్సింది ఆ రోజు సంగతి కాదు, ఆ గంట సంగతి.

కాబట్టి రికార్డులోకి వచ్చిన కాగితాల్లో గడియారం వెతకండి. కేసు షీటు పేషెంటు గురించి రాసేది, పక్కనున్న మనిషి గురించి కాదు. భర్త జాడ దొరికేది వేరేచోట: ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ పెట్టిన సంతకం, దాని పక్కన వేసిన టైము, బిడ్డను అప్పగించిన రిజిస్టరులో సంతకం, రక్తం ఇచ్చి ఉంటే దాత రిజిస్టరు, మందుల షాపులో తన ఫోను నుంచి కట్టిన డబ్బు. మాటవరసకు ఒప్పుకోలు కాగితం మీద సాయంత్రం 6.10 అని, బిడ్డను అప్పగించిన చోట రాత్రి 10.15 అని ఉందనుకోండి. మధ్యలో ఉన్నది 4 గంటల 5 నిమిషాలు. హైదరాబాద్ నుంచి సూర్యాపేట సుమారు 130 కిలోమీటర్లు. మామూలుగా రెండున్నర గంటల దారి, రానూపోనూ ఐదు గంటలు. ఎంత వేగంగా తోలినా రెండేసి గంటలు పడితే మిగిలేది ఐదు నిమిషాలు. ఈ లెక్క నిలబడితే దాడి తొమ్మిదిన్నరకు జరిగిందా, ఎనిమిదిన్నరకు జరిగిందా అన్న పేచీయే ఉండదు. మొదటి సంతకం ఒక్కటే ఉండి రెండోది లేకపోతే అతను 8.40కి సూర్యాపేట చేరి ఉండవచ్చు, మీ ఎలిబై అక్కడే చిల్లుపడుతుంది. అందుకే సంఘటనకు ముందొక గుర్తు, వెనకొక గుర్తు రెండూ కావాలి. మధ్య వ్యవధి ప్రయాణానికి చాలకూడదు.

ఇంకొకటి చూసుకోండి. ప్రాసిక్యూషన్ ప్రత్యక్ష సాక్షిని క్రాస్ చేసినప్పుడు మీ లాయరు గారు 'ఆ సమయానికి ముద్దాయి హైదరాబాద్ ఆసుపత్రిలో ఉన్నాడు, మీరు అతన్ని చూడలేదు' అని సజెషన్ (మన వాదనను సాక్షి ముందు పెట్టే ప్రశ్న) పెట్టారా? పెట్టకపోతే పీపీ గారు ఇదే సూత్రాన్ని మీ మీదికి తిప్పుతారు: 'ముద్దాయిని చూశానన్న మా సాక్షి మాటనూ ఎవరూ ప్రశ్నించలేదు' అని. మనం కొట్టే కర్రతోనే మనకు దెబ్బ. అలా జరిగి ఉంటే ఆర్గ్యుమెంట్లు మొదలవకముందే సెక్షన్ 348 (పాత 311) కింద ఆ సాక్షిని మళ్లీ పిలిపించమని పిటిషన్ వేయడం గురించి అడగండి. లోటు పూడ్చుకోవడానికే వేశారని అవతలివాళ్లు అభ్యంతరం చెబుతారు. న్యాయమైన తీర్పుకు ఆ సాక్ష్యం ఎందుకు అవసరమో పిటిషన్‌లో స్పష్టంగా రాయాలి.

ప్రశ్న: ఎలిబై అని చెప్పి నిరూపించలేకపోతే నేరం చేసినట్టే లెక్కా? — ఒక విద్యార్థిని, లా కాలేజీ, విశాఖపట్నం

జవాబు: కాదు. ఎలిబై కూలిపోతే కేసు మొదటికి వస్తుంది, అంతే. ప్రాసిక్యూషన్ సాక్ష్యం దాని కాళ్ల మీద అది నిలబడుతుందా లేదా అన్నదే అప్పుడు ప్రశ్న. శరద్ బిర్ధిచంద్ శార్దా కేసు (1984) ఈ విషయంలో చదివి తీరాలి. ముద్దాయి చెప్పింది అబద్ధమని తేలితే, అప్పటికే పూర్తిగా ఉన్న సాక్ష్యాల గొలుసుకు అదనపు లంకెగా మాత్రమే దాన్ని వాడుకోవచ్చు. తెగిన గొలుసును దానితో అతకకూడదు.

ఒక తేడా గమనించండి. 'నిరూపించలేకపోయాడు' వేరు, 'అబద్ధమని తేలింది' వేరు. సాక్షి రాకపోవడం మొదటిది. రిజిస్టరులో పేజీ మార్చి రాశారని బయటపడడం రెండోది. రెండోది జరిగితే, సిద్ధాంతం ఏమైనా, జడ్జి మనసులో ముద్దాయి మీద నమ్మకం పోతుంది. అందుకే బలహీనమైన ఎలిబైకి దొంగ సాక్షిని తెచ్చి బలం చేకూర్చబోవడం కంటే అసలు ఎలిబై ఎత్తకపోవడం మేలు.

పరీక్షకు పనికొచ్చే మాట ఇంకొకటి: ఆత్మరక్షణ, మతిస్థిమితం లేకపోవడం లాంటివి 'మినహాయింపులు'. వాటి భారం సెక్షన్ 108 (పాత 105) కిందికి వస్తుంది. ఎలిబై మినహాయింపు కాదు. అది సెక్షన్ 9 (పాత 11) కింద కేసుకు సంబంధం ఉన్న వాస్తవం మాత్రమే. పాత చట్టంలో దాని ఉదాహరణ కలకత్తాలో నేరం, లాహోర్‌లో మనిషి. కొత్త చట్టం దాన్ని చెన్నై, లడఖ్‌గా మార్చింది. ఆత్మరక్షణ అన్నవాడు 'అక్కడ ఉన్నాను, కొట్టాను, కానీ' అంటాడు. ఎలిబై అన్నవాడు 'అక్కడ లేనే లేను' అంటాడు. రెండూ ఒకే నోటితో అంటే రెంటికీ చేటు.

ప్రశ్న: ఎలిబై సంగతి పోలీసులకు ముందే చెప్పాలా, కోర్టులో చెప్పాలా? ముందే చెబితే మా సాక్షులను బెదిరిస్తారేమోనని భయం. — ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఇంగ్లండులో ఎలిబై వివరాలు విచారణకు ముందే అవతలి పక్షానికి ఇవ్వాలని చట్టం ఉంది. మన దేశంలో అలాంటి నోటీసు నిబంధన లేదు. మౌనంగా ఉండే హక్కూ ఉంది. అయినా ఆలస్యంగా బయటికొచ్చిన ఎలిబైని కోర్టులు 'తర్వాత అల్లిన కథ' అని అనుమానిస్తాయి. మొదటిసారి సెక్షన్ 351 (పాత 313) ప్రశ్నలప్పుడు, అదీ 'నేను ఊళ్లో లేను' అన్న ఒక్క వాక్యంగా వస్తే దానికి విలువ దాదాపు సున్నా.

మధ్యేమార్గం ఉంది. ఎక్కడ ఉన్నారు, ఏ సమయం నుంచి ఏ సమయం వరకు, ఏ రికార్డులో దొరుకుతుంది అన్న మూడు ముక్కలతో దర్యాప్తు అధికారికి ఒక వినతిపత్రం రాయండి. నకలు ఎస్పీకి లేదా కమిషనర్‌కు పంపండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, అందినట్టు రుజువు దాచండి. సాక్షుల పేర్లు అందులో ఉండాల్సిన పని లేదు, కెమెరా ఎక్కడుందో, రిజిస్టరు ఎవరి దగ్గరుందో చెబితే చాలు. బెయిల్ పిటిషన్‌లోనూ అదే రాయించండి. రెండు పత్రాల్లో సమయాలు ఒకటిగా ఉండాలి. తేడా వస్తే ముందు మీకే చుట్టుకుంటుంది.

ఆ తర్వాత అధికారి సాక్ష్యం చెప్పడానికి వచ్చినప్పుడు క్రాస్‌లో అడగాల్సినవి తేలిక: ఈ వినతిపత్రం మీకు అందిందా? ఆ చోటికి వెళ్లి విచారించారా? కేసు డైరీలో రాశారా? 'విచారించలేదు' అన్న జవాబు మీ ఎలిబైని రుజువు చేయదు. కానీ దర్యాప్తు ఒకవైపే సాగిందని చూపిస్తుంది.

ఛార్జిషీటు పడ్డాక డిశ్చార్జి పిటిషన్‌లో (విచారణకు ముందే కేసు నుంచి తప్పించమని వేసేది) ఎలిబై పత్రాలు జోడిస్తే కోర్టు వాటిని చూస్తుందని ఆశ పెట్టుకోకండి. అభియోగం మోపే దశలో ముద్దాయి తెచ్చిన కాగితాలు చూడనక్కర్లేదని దేవేంద్రనాథ్ పాఢీ కేసు (2005) తేల్చింది. దర్యాప్తు అధికారి తన దగ్గరున్న తిరుగులేని సాక్ష్యాన్ని కోర్టుకు ఇవ్వకుండా దాచినప్పుడు మాత్రం ఆ దశలోనూ తెప్పించవచ్చని నిత్య ధర్మానంద కేసు (2018) ఒక సందు వదిలింది. మిగతా అందరికీ అసలు అవకాశం డిఫెన్స్ సాక్ష్యం దశలోనే వస్తుంది. సెషన్స్ కేసుల్లో సెక్షన్ 256, మేజిస్ట్రేటు ముందు వారంట్ కేసుల్లో సెక్షన్ 266 కింద సాక్షులకు సమన్లు కోరవచ్చు. కాలయాపన కోసమో, వేధించడానికో అడిగారనుకుంటే తప్ప కోర్టు కాదనదు. మేజిస్ట్రేటు కోర్టులో సాక్షి దారిఖర్చులు ముందే కట్టమనవచ్చు, డబ్బు సిద్ధంగా పెట్టుకోండి.

ప్రశ్న: సీసీటీవీ, ఫోన్ లొకేషన్, ఫాస్టాగ్ ఉన్నాయి కదా, ఇంక సాక్షులెందుకు? — ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఈ మూడింటిలో మనిషిని చూపించేది ఒక్క సీసీటీవీయే. ఫాస్టాగ్ బండిని చూపిస్తుంది, బండి ఎవరు తోలారో చెప్పదు. టవర్ లొకేషన్ సిమ్ కార్డును చూపిస్తుంది. అదీ ఒక టవర్ పరిధిలో ఎక్కడో ఒకచోట ఉందని మాత్రమే. పల్లెల్లో ఒక టవర్ పరిధి కొన్ని కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి పక్క ఊరి సంఘటనకు ఇది పనికిరాదు. అయితే ఆ సమయంలో ఆ ఫోన్లో మీరే మాట్లాడారని అవతలి మనిషి వచ్చి చెబితే సిమ్ కార్డు కాస్తా మనిషి అవుతుంది. మీరడిగిన 'సాక్షులెందుకు' అన్నదానికి జవాబు అదే.

సీసీటీవీ దృశ్యాలు ఎక్కువచోట్ల 15 నుంచి 30 రోజుల్లో వాటంతట అవే చెరిగిపోతాయి, కొత్తవి పాతవాటి మీద రికార్డవుతాయి. బెయిల్ వచ్చాక చూద్దాంలే అనుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. కేసు తెలిసిన రోజే ఆ షాపుకో, ఆసుపత్రికో, అపార్ట్‌మెంట్ సంఘానికో 'ఫలానా తేదీ, ఫలానా సమయం మధ్య దృశ్యాలు భద్రపరచండి' అని రాసి అందినట్టు సంతకం తీసుకోండి. వాళ్లు ఇవ్వకపోయినా ఫరవాలేదు, చెరగకుండా ఉంటే చాలు. సెక్షన్ 94 (పాత 91) కింద కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు. కాల్ రికార్డులను టెలికాం కంపెనీలు కనీసం రెండేళ్లు ఉంచాలి. విచారణ అంతకంటే ఆలస్యమవుతుంది కాబట్టి వాటిని భద్రపరచమని ముందే కోర్టును అడగాలి.

తెచ్చాక ఇంకో గండం. కాపీ చేసిన ఎలక్ట్రానిక్ రికార్డు ఏదైనా సెక్షన్ 63 (పాత 65బి) సర్టిఫికెట్ లేకుండా చెల్లదు. కొత్త చట్టంలో ఆ సర్టిఫికెట్ రెండు భాగాలు. ఒకటి ఆ పరికరాన్ని నడిపేవాళ్లు ఇచ్చేది, రెండోది నిపుణుడు ఇచ్చేది. రెంటిలోనూ ఫైలు హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య ఉండాలి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రావడం, టీవీ తెరను ఫోన్‌తో వీడియో తీసుకుని రావడం, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ప్రింటు తీయించడం, ఇవే ఎక్కువగా జరుగుతున్న పొరపాట్లు. వాట్సాప్‌లో పంపిన ఫొటోకు అది తీసిన సమయం వివరాలు పోతాయి. అసలు ఫొటో తీసిన ఫోన్‌నే భద్రంగా ఉంచండి. గూగుల్ టైమ్‌లైన్ ఇప్పుడు ఫోన్‌లోనే నిల్వ ఉంటుంది కాబట్టి రీసెట్ చేస్తే పోవచ్చు. సర్టిఫికెట్ ఇవ్వాల్సినవాళ్లు నిరాకరిస్తే కోర్టును ఆశ్రయించి తెప్పించుకోవచ్చని అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసు (2020) దారి చూపింది.

కెమెరా గడియారం తప్పు తిరుగుతుంటే? చాలా కెమెరాలు పది ఇరవై నిమిషాలు అటూఇటూ ఉంటాయి. స్వాధీనం చేసుకునే రోజున కెమెరా చూపే టైము, అసలు టైము రెండూ పక్కపక్కన రాయించుకోవాలి. ఈ చిన్న పని చేయక మంచి ఎలిబైలు నీరుగారిపోయాయి.

ప్రశ్న: నేను ఫ్యాక్టరీ కార్మికుణ్ని. సంఘటన సమయంలో డ్యూటీలో ఉన్నట్టు హాజరు పట్టీ ఉంది. ఇది సరిపోతుందా? — ఒక పాఠకుడు, పటాన్‌చెరు

జవాబు: పైన చెప్పిన దూధ్‌నాథ్ పాండే కేసు సరిగ్గా ఇదే. అలహాబాద్‌లో హత్య. ముద్దాయి నైనీలోని ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నానన్నాడు. ఉదయం 8.30కి వచ్చినట్టు కార్డు ఉంది, సహోద్యోగులు వచ్చి చెప్పారు. డిఫెన్స్ సాక్షులను సమానంగా చూడాలని చెప్పిన ఆ తీర్పే వాళ్ల మాటలు యథాతథంగా నమ్మినా ఎలిబై నిలవదని తేల్చింది. అక్కడ లోపలికి వచ్చేటప్పుడే కార్డు పంచ్ చేస్తారు, బయటికి వెళ్లేటప్పుడు చేయరు. హత్య జరిగింది 9 గంటలకు. దూరం తక్కువ. 8.30కి ఫ్యాక్టరీలో ఉన్న మనిషి 9కి అక్కడా ఉండవచ్చు.

కాబట్టి మీ ఫ్యాక్టరీలో బయటికి వెళ్లే పంచ్ ఉందా చూడండి. గేటు పాస్ రిజిస్టరు, సెక్యూరిటీ వాళ్ల రాకపోకల పుస్తకం, మీరు నడిపే మెషీన్ ఉత్పత్తి షీటు, షిఫ్టు మారేటప్పుడు సూపర్‌వైజర్ సంతకం, క్యాంటీన్ టోకెన్ వెతకండి. హాజరు పట్టీని ఒక ఉద్యోగి కోర్టుకు తెచ్చి 'ఇది మా కంపెనీదే' అంటే అందులో మీ పేరు ఉందని తేలుతుంది. మీరు అక్కడ ఉన్నారని చెప్పాల్సింది ఆ గంటలో మీ పక్కన పని చేసినవాడు. పీపీ పత్రం నిజమైనదేనని సెక్షన్ 330 (పాత 294) కింద ఒప్పుకున్నా, ఒప్పుకున్నది అది అసలు కాగితమేనని. అందులోని ప్రతి అక్షరం నిజమని కాదు.

ప్రశ్న: మా అబ్బాయి రాత్రి షిఫ్టుకు వెళ్లినప్పుడు ఇంట్లో కోడలు చనిపోయింది. 'ఇంట్లో జరిగింది నీకే తెలియాలి, నువ్వే చెప్పు' అంటున్నారు. భారం మా మీదే ఉంటుందా? — ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, వాళ్లంటున్నది సెక్షన్ 109 (పాత 106): ఒక మనిషికి మాత్రమే ప్రత్యేకంగా తెలిసిన విషయాన్ని ఆ మనిషే వివరించాలి. భార్యాభర్తలిద్దరే ఉన్న ఇంట్లో భార్య హత్యకు గురైతే భర్త మౌనం అతనికి చేటు చేస్తుందని త్రిముఖ్ మారుతీ కిర్కాన్ (2006) తీర్పు. కానీ ఆ సెక్షన్ వర్తించాలంటే ఆ సమయానికి భర్త ఇంట్లో ఉన్నాడని ముందు ప్రాసిక్యూషనే చూపాలి. ఈ సెక్షన్ ప్రాసిక్యూషన్ ప్రాథమిక భారాన్ని మార్చదని శంభునాథ్ మెహ్రా కేసు (1956) నుంచీ కోర్టులు చెబుతున్నాయి.

మీ విషయంలో ముఖ్యమైనది మరణించిన సమయం. పోస్టుమార్టం నివేదిక ఒక గంట చెప్పదు, కొన్ని గంటల వ్యవధి చెబుతుంది. మీ అబ్బాయి షిఫ్టు ఆ వ్యవధినంతా కప్పాలి. రాత్రి 10కి డ్యూటీలో చేరి ఉంటే, మరణం 8 నుంచి 12 మధ్య అని డాక్టర్ రాస్తే మొదటి రెండు గంటలు ఖాళీ. డాక్టర్‌ను క్రాస్ చేసేటప్పుడు శరీరం బిగుసుకోవడం, కడుపులో ఆహారం స్థితి, గది వేడిమి మీద అడిగి ఆ వ్యవధిని తగ్గించే ప్రయత్నం చేయాలి. ఎలిబై సాక్షుల కంటే ఆ డాక్టర్ క్రాసే మీకు ముఖ్యం. పెళ్లయిన ఏడేళ్లలోపు వరకట్న మరణం అభియోగం కూడా ఉంటే లెక్క వేరు. అక్కడ వేధింపుల సాక్ష్యమే ప్రధానం, చనిపోయిన క్షణంలో ఎక్కడున్నాడన్నది పెద్దగా అడ్డుపడదు.

ప్రశ్న: నేను ఐదేళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాను. మా తమ్ముడి భార్య పెట్టిన వేధింపుల కేసులో నా పేరూ చేర్చారు. పాస్‌పోర్టు చూపిస్తే నా పేరు తీసేస్తారా? — ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఆరోపణ ఎలా రాశారో చూడండి. 'ఫలానా తేదీన ఇంటికొచ్చి కొట్టింది' అని ఉండి, ఆ తేదీన మీరు అమెరికాలో ఉన్నట్టు పాస్‌పోర్టు ముద్రలు, రాకపోకల రికార్డులు ఉంటే అంతకు మించిన ఎలిబై ఉండదు. హైకోర్టులో సెక్షన్ 528 (పాత 482) కింద కేసు కొట్టేయమని అడగడానికి ఇలాంటి తిరుగులేని పత్రాలే కావాలి. రాజీవ్ థాపర్ కేసు (2013) ఆ కొలతలు చెప్పింది. 'ఫోన్లో రెచ్చగొట్టేది' అని రాసి ఉంటే పాస్‌పోర్టు పనికిరాదు, ఎందుకంటే ఆ పనికి మీరు ఇక్కడ ఉండనక్కర్లేదు. పాస్‌పోర్టు ప్రతి పేజీ, ఖాళీ పేజీలతో సహా, కాపీ తీయించండి. మధ్యలో ఒకసారి వచ్చి వెళ్లారేమో అన్న అనుమానం దానితోనే తీరుతుంది. పాత పాస్‌పోర్టు రద్దయి ఉంటే అదీ కావాలి.

ప్రశ్న: ముద్దాయే బోనెక్కి చెప్పాలా? ఇంట్లోవాళ్లు చెబితే నమ్ముతారా? — ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముద్దాయి తానుగా రాతపూర్వకంగా కోరితేనే సాక్షి అవుతాడు (సెక్షన్ 353, పాత 315). ఎక్కకపోతే దాని మీద పీపీ గానీ కోర్టు గానీ వ్యాఖ్యానించకూడదు. ఎక్కితే క్రాస్‌కు నిలబడాలి. అందుకే కాగితాలు గట్టిగా ఉన్నప్పుడు ఎక్కకపోవడమే మంచిదని మా అభిప్రాయం. బదులుగా సెక్షన్ 351 కింద రాతపూర్వక వాంగ్మూలం ఇచ్చి, గంటలవారీగా ఎక్కడున్నారో అందులో రాయండి. ఇంట్లోవాళ్ల సాక్ష్యం చెల్లుతుంది, కానీ వాళ్ల కంటే మీరంటే ఎవరో తెలియని టోల్‌గేటు ఉద్యోగి మాట బరువెక్కువ. భార్య, తల్లి, బావమరిది ముగ్గురూ ఒకే వాక్యం అప్పజెప్పినట్టు చెబితే ఉన్న బలమూ పోతుంది.

ప్రశ్న: నేను పోలీసు శాఖలో పని చేస్తున్నాను. ఎలిబై వస్తే మా వైపు నుంచి ఏం చేయాలి? పీపీ గారికి డిఫెన్స్ సాక్షి ఎవరో ముందు తెలియదు కదా, 'నిల్' అనడం తప్పెలా అవుతుంది? — ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తెలియనప్పుడు 'నిల్' అనకూడదు, వాయిదా అడగాలి. క్రాస్‌ను మరో తేదీకి మార్చమని కోరడానికి అదే మంచి కారణం. సాక్షి వెళ్లిపోయాక అనుమానం వస్తే సెక్షన్ 348 కింద తిరిగి పిలిపించమని వాళ్లూ కోరవచ్చు. జడ్జి గారు స్వయంగా కూడా ప్రశ్నలు వేయవచ్చు (సెక్షన్ 168). ఏమీ చేయకుండా తీర్పొచ్చాక అప్పీలులో 'ఆ సాక్షి అబద్ధం చెప్పాడు' అనడం దండగ.

ఇక మీ పని. ముద్దాయి చెప్పిన చోటికి వెళ్లి చూడండి. నిజమైతే నిజమని రాయండి. తుది నివేదిక వేశాక తెలిసినా సెక్షన్ 193(9) కింద తదుపరి దర్యాప్తు చేయవచ్చు. అబద్ధం అనిపిస్తే రిజిస్టరు అసలు ప్రతిని స్వాధీనం చేసుకోండి, జిరాక్సును కాదు. ఆ పేజీ ఒక్కటే కాక ముందు పది పేజీలు, వెనక పది పేజీలు తీసుకోండి. మధ్యలో ఇరికించిన సంతకం వేరే సిరాతో, వరుస తప్పి కనిపించేది అప్పుడే. పీపీ గారికి ముందే ఒక కాగితం మీద ఇవ్వండి: దూరం ఎంత, ఆ సమయంలో ఏ బస్సు ఉంది, టవర్ ఏది, గేటు పుస్తకంలో ఏం ఉంది. 'మీరు అబద్ధం చెబుతున్నారు', 'కాదండి' అన్న సజెషన్ సాక్ష్యం కాదు. 'ఆ రాత్రి మీ ఆసుపత్రిలో ఎన్ని కాన్పులు జరిగాయి? ఈయన ముఖమే ఎందుకు గుర్తుంది?' అన్న ప్రశ్నకు వచ్చే జవాబు సాక్ష్యం.